హార్వీస్ ససెక్స్ బెస్ట్: ఇది బీరా, కషాయమా?

కొత్తబిచ్చగాడు (బ్రైటన్), శుక్రవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను బ్రైటన్ వచ్చి ఐదు నెలలైంది, ఎమ్మెస్ చేస్తున్నాను. నిన్న మా ల్యాబ్‌లో పనిచేసే ఒక ఇంగ్లీషాయన పబ్‌కి తీసుకెళ్లాడు. "ససెక్స్‌లో ఉండి ఇది తాగకపోతే ఎలా" అంటూ హార్వీస్ ససెక్స్ బెస్ట్ అనే బిట్టర్ (కాస్త చేదుగా ఉండే ఇంగ్లీషు బీరు) ఒక పైంట్ గ్లాసు చేతిలో పెట్టాడు.

రంగు చూస్తే ముచ్చటేసింది, బాగా మరిగిన టీ డికాక్షన్‌లా ఉంది. నోట్లో పోసుకున్నాక తెలిసింది అసలు సంగతి. చల్లదనం లేదు, బుడగలూ లేవు. మొదట కాస్త తియ్యగా అనిపించి చివర్లో చేదు. ఆ చేదు కూడా చిన్నప్పుడు నాయనమ్మ ముక్కు మూసి పోసిన కషాయంలా గొంతులోనే కూర్చుంది. ఆయన అటు లేచి వెళ్లగానే పక్కనున్న పూలకుండీలో పోసేద్దామనుకున్నాను. మొక్క మీద జాలేసి ఆగిపోయాను.

ఇది నిజంగా ఇలాగే ఉంటుందా, లేక నాకు పాడైన పైంట్ తగిలిందా? పైగా ఆల్కహాల్ 4 శాతమే. హైదరాబాద్‌లో మేం తాగే స్ట్రాంగ్ బీరులో దాదాపు సగం. దీనికి ఈ ఊళ్లో ఇంత మర్యాద ఎందుకో ఎవరైనా చెప్పండి.

చారుపొడి (రెడింగ్), శుక్రవారం రాత్రి 11:52

తమ్ముడూ, ఆ కుండీలో పోసినా మొక్కకి ఏమీ అయ్యేది కాదు, దానికి అలవాటే అయ్యుంటుంది. నేను పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బిట్టర్ అనేది ఫ్రిజ్‌లు లేని కాలంలో తప్పక తాగిన బీరు. ఫ్రిజ్ వచ్చాక కూడా అలవాటు మానలేక దానికి సంప్రదాయమని పేరు పెట్టుకున్నారు.

పాతకాపు (లూయిస్), శనివారం ఉదయం 8:15

చారుపొడి గారు పొద్దున్నే నా చేత టైపింగ్ చేయిస్తున్నారు. సరే.

బాబూ, ముందు నీ ప్రశ్నకి జవాబు. నువ్వు చెప్పిన గుర్తులని బట్టి నీ పైంట్ పాడైంది కాదు. పాడైతే మొదటి గుక్కలోనే వెనిగర్ పులుపు తగులుతుంది, లేదా తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. నీకు అందింది మంచి బెస్టే. నువ్వు ఎదురుచూసింది వేరే, అంతే.

ఇది కాస్క్ బీరు. బ్రూవరీలో పూర్తిగా తయారై రాదు. పీపాలో ఈస్ట్ బతికుండగానే పబ్‌కి వస్తుంది, అక్కడ సెల్లార్‌లో పడుకునే ఇంకాస్త పులుస్తుంది. దాని గ్యాస్ అదే పుట్టించుకుంటుంది, అందుకే బుడగలు కొన్నే ఉంటాయి. లాగర్, అంటే మనం మామూలుగా తాగే చల్లటి బీరు, అలా కాదు. మామూలుగా దాన్ని వడగట్టి, వేడిచేసి, ఈస్ట్‌ని వదిలించి, బయటినుంచి గ్యాస్ ఎక్కించి పంపుతారు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీలు ఉండాలి. అది వెచ్చన కాదు, మన బావి నీళ్ల కంటే చల్లనే. నీ నాలుక నాలుగు డిగ్రీలకి అలవాటు పడింది కాబట్టి ఇది వెచ్చగా తోచింది. నాలుగు డిగ్రీల్లో నాలుకకి రుచి సరిగ్గా తెలీదు. అంత చల్లటి బీరు అన్నీ ఒకేలా ఉండటానికి కారణం కూడా కొంత అదే.

ఇక 4 శాతం సంగతి. దీన్ని సెషన్ బిట్టర్ అంటారు. మన దగ్గర "సిట్టింగ్ వేద్దాం" అంటాం చూడు, సెషన్ అంటే అదే. కానీ మన సిట్టింగ్‌కీ వీళ్ల సిట్టింగ్‌కీ తేడా ఉంది. మనం రెండు స్ట్రాంగ్ బీర్లు గబగబా దించి బిర్యానీ మీద పడతాం. వీళ్లు సాయంత్రం ఆరింటికి కూర్చుంటే పదింటికి లేస్తారు. మధ్యలో తిండి ఉండదు, ఉన్నా ఓ ఉప్పు-వెనిగర్ చిప్స్ ప్యాకెట్ చింపి టేబుల్ మధ్యలో పరుస్తారు. ఆ నాలుగు గంటలూ మాట తడబడకుండా నడవాలంటే బీరు ఇలా తేలిగ్గా ఉండాలి. మరీ తియ్యగా ఉంటే రెండో పైంట్‌కే మొహం మొత్తుతుంది. ఆ చివరి చేదే ఇంకో గుక్క అడిగేలా చేస్తుంది.

ఈతవనం (జనగామ), శనివారం ఉదయం 9:02

నేను ఇంగ్లండ్ వచ్చింది ఒక్కసారే, మా అమ్మాయి దగ్గరికి. అల్లుడు తీసుకెళ్లి ఇదే తాగించాడు. పాతకాపు గారు చెప్పింది చదువుతుంటే నాకు మా ఊరి ఈత కల్లు గుర్తొచ్చింది.

కల్లు కూడా బతికున్నదే కదా. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పదును వస్తుంది, సాయంత్రానికి పులిసి నోరు గుంజుతుంది. ఏ పూట తాగుతున్నావన్నదాన్ని బట్టి అది వేరే కల్లు. సీసాలో పోసి సీలేసి నెలరోజులు అమ్ముతామంటే దాన్ని కల్లు అనలేం. ఏ చెట్టుది, ఎవరు గీశారు, లొట్టి కడిగారా లేదా అని మా నాయన వాసన చూసి చెప్పేవాడు. ఆ పబ్‌లో ముసలాయన ఒకడు గ్లాసు పైకెత్తి వెలుగులో చూసి, వాసన చూసి, అప్పుడు తాగాడు. నాకు మా నాయనే కనిపించాడు.

చారుపొడి (రెడింగ్), శనివారం ఉదయం 9:20

అన్నా, పోలిక బాగుంది కానీ సగమే. కల్లుని ఎవరూ పులియబెట్టరు, దానంతట అదే పులుస్తుంది. చెట్టు మీదే గాలిలోని ఈస్ట్ పట్టుకుంటుంది. ఇక్కడ ఈస్ట్‌ని పెంచి, కొలిచి వేస్తారు. పైగా కల్లులో చేదు ఏది?

పాతకాపు (లూయిస్), శనివారం ఉదయం 9:45

తేడా నిజమే. కానీ హార్వీస్ ఈస్ట్ కథ తెలుసా మీకు? 1957లో యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ ఊరి నుంచి, జాన్ స్మిత్స్ బ్రూవరీ దగ్గర తెచ్చుకున్న ఈస్ట్ అది. ఒక బ్యాచ్ పులిశాక పైన తేలిన ఈస్ట్ తీసి తర్వాతి బ్యాచ్‌లో వేస్తారు. దాన్నుంచి తీసి ఆ తర్వాతిదాంట్లో. అలా అరవై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడుపెట్టినట్టే. మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి తోడు తెచ్చుకుందట. అలాంటిదే ఇదీ.

ఆ బీరులో కాస్త మట్టివాసన, కాస్త పులుపు, ఏదో మసాలా దినుసులాంటి ఘాటు ఉంటుంది చూశావా, చాలావరకు ఈస్ట్ పనే అది. హాప్స్, అంటే చేదు, వాసన కోసం బీరులో వేసే పూలు, నాలుగు రకాలు వేస్తారు: ఫగిల్స్, గోల్డింగ్స్, ప్రోగ్రెస్, బ్రామ్లింగ్ క్రాస్. అన్నీ ఇంగ్లీషు హాప్సే. అమెరికన్ హాప్స్‌లా మామిడిపండు వాసన కొట్టవు. ఎండుగడ్డి, టీ ఆకు, నారింజ తొక్క లాంటివి తగులుతాయి.

యార్క్‌షైర్ యాదన్న (లీడ్స్), శనివారం మధ్యాహ్నం 1:10

అంటే ఈస్ట్ మాది. బీరు మీదని చెప్పుకుంటున్నారు. ఎట్టకేలకు ఒప్పుకున్నారు, సంతోషం.

ఇక ఆ తమ్ముడి బాధకి అసలు కారణం నేను చెబుతాను. దక్షిణ ఇంగ్లండ్‌వాళ్లకి బీరు పోయడం రాదు. మా దగ్గర బార్‌లో బీరు తోడే హ్యాండ్ పంప్ మూతికి స్పార్క్లర్ తగిలిస్తారు. సన్నటి చిల్లులున్న చిన్న బిళ్ల అది. బీరు ఆ చిల్లుల్లోంచి దూసుకొచ్చి పైన చిక్కటి నురగ కడుతుంది, మీగడలా. తాగితే మూతికి మీసం రావాలి. మీ ససెక్స్‌లో ఏమిస్తారు? నురగ లేని చెరువునీళ్లు. అది చూసే పిల్లాడు బెదిరిపోయాడు.

పాతకాపు (లూయిస్), శనివారం మధ్యాహ్నం 1:31

యాదన్నా, మళ్లీ మొదలుపెట్టావా. స్పార్క్లర్ పెడితే బీరులోని గ్యాస్ అంతా నురగలోకి పోతుంది. కింద మిగిలేది మెత్తగా, చప్పగా ఉంటుంది. యార్క్‌షైర్ బిట్టర్‌ని ఆ నురగ కోసమే అలా చేస్తారు, దానికది బాగుంటుంది. ససెక్స్ బెస్ట్‌కి అది తగిలిస్తే హాప్స్ చేదంతా నురగెక్కి కూర్చుంటుంది. పులిహోరకి పెరుగు కలుపుకున్నట్టు.

యార్క్‌షైర్ యాదన్న (లీడ్స్), శనివారం మధ్యాహ్నం 1:34

నేను పులిహోరలో పెరుగు కలుపుకుంటాను.

పాతకాపు (లూయిస్), శనివారం మధ్యాహ్నం 1:35

అందుకే నువ్వు లీడ్స్‌లో ఉన్నావు.

శాకాహారి_87 (లెస్టర్), శనివారం సాయంత్రం 4:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. కాస్క్ బీరులో చేప ఉంటుందని మా ఆఫీసులో ఒకరు అన్నారు. నిజమా, ఆటపట్టించారా?

డాక్టరమ్మ (హోవ్), శనివారం సాయంత్రం 5:05

నిజమే అండి. చేప ముక్కలు కావు, ఐసింగ్లాస్ అని ఒకటి వేస్తారు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది కదా, దాన్ని ఎండబెట్టి తీసిన కొల్లాజెన్. బీరులో తేలే ఈస్ట్‌ని పట్టుకుని పీపా అడుగుకి లాగేస్తుంది, అప్పుడు బీరు తేటపడుతుంది. మన ఊళ్లలో బురదనీళ్లని ఇండుపకాయ అరగదీసి తేర్చేవాళ్లు, అదే సూత్రం. అడుగునే ఉండిపోతుంది కాబట్టి గ్లాసులోకి దాదాపు రాదు. అయినా తగిలింది తగిలిందే కదా, మీ పట్టింపు మీది. చాలా సంప్రదాయ కాస్క్ బీర్లలో ఇది వేస్తారు. కొన్ని కొత్త బ్రూవరీలు మానేశాయి. వాళ్ల బీరు కాస్త మసకగా ఉంటుంది. బార్‌లో "అన్‌ఫైన్డ్", అంటే ఇలా తేర్చనిది, ఉందా అని అడగండి. గిన్నిస్ (ఐర్లాండ్ నల్లబీరు) వాళ్లు కూడా ఐసింగ్లాస్ మానేశారు కాబట్టి అది మీకు పనికొస్తుంది.

ఎలాగూ వచ్చాను కాబట్టి ఇంకో మాట. ఇందాకటి నుంచి "తేలిక" అన్న మాట చూస్తున్నాను. 4 శాతం పైంట్ అంటే 568 మిల్లీలీటర్లలో 2.3 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్). పాతకాపు గారి నాలుగు గంటల సిట్టింగ్‌లో నాలుగు పైంట్లు అనుకుంటే 9 యూనిట్లు. ఇక్కడి ఆరోగ్యశాఖ వారానికి 14 దాటొద్దంటుంది. నేనూ తాగుతాను, శుక్రవారం రెండు. కారు మాత్రం ఇంట్లోనే పెట్టి వస్తాను. బండి నడపాలంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఇంగ్లండ్‌లో 80 మిల్లీగ్రాములు, స్కాట్లాండ్‌లో 50. "ఒక్కటే కదా" అని లెక్కలేసుకుని స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఎమర్జెన్సీలో నాకు కనిపిస్తుంటారు.

కొత్తబిచ్చగాడు (బ్రైటన్), శనివారం సాయంత్రం 6:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థ్యాంక్స్. నాకు కారు లేదు అక్కా, సైకిల్ కూడా లేదు.

ఒక సందేహం. అంత గొప్పదైతే పబ్ పబ్‌కీ రుచి ఎందుకు మారుతుంది? మా ఫ్లాట్‌మేట్ ఇదే బీరు ఇంకోచోట తాగి "అచ్చం పచ్చిపులుసు" అన్నాడు.

పాతకాపు (లూయిస్), శనివారం రాత్రి 8:10

అసలు ప్రశ్న ఇప్పుడు అడిగావు.

పబ్‌కి వచ్చే మామూలు పీపాని ఫర్కిన్ అంటారు. 9 గాలన్లు, అంటే 72 పైంట్లు. కుళాయి బిగించి బీరు తోడటం మొదలయ్యాక, తీసిన బీరు మేరకు పీపాలోకి గాలి పోతుంది. గాలి తగిలితే బీరు చావడం మొదలవుతుంది. మూడు రోజుల్లో అయిపోవాలి. మూడు రోజుల్లో 72 అంటే రోజుకి 24 పైంట్లు. ఆ పబ్‌లో రోజూ 24 మంది ఆ బీరు అడగకపోతే నాలుగో రోజు వచ్చినవాడికి పచ్చిపులుసే. దాంతో అతను "బిట్టర్ బాగోదు" అని లాగర్‌కి మళ్లుతాడు. అడిగేవాళ్లు ఇంకా తగ్గుతారు. తర్వాతి పీపా ఇంకో రోజు ఎక్కువ నిలుస్తుంది. దేశమంతా కాస్క్ తగ్గిపోవడానికి ఇది పెద్ద కారణం. ఫ్రిజ్ రావడం కాదు, చారుపొడి గారూ.

కాబట్టి చిట్కా: పది హ్యాండ్ పంపులున్న పబ్ చూసి మురిసిపోకు. రెండే ఉండి, చుట్టూ జనం ఉన్న చోటికి వెళ్లు. పాడైన పైంట్ వస్తే మొహమాటపడకుండా వెనక్కివ్వు. "ఇది కొంచెం పులిసింది" అంటే చాలు, మంచి పబ్‌లో గొడవ లేకుండా మారుస్తారు.

చారుపొడి (రెడింగ్), శనివారం రాత్రి 8:40

వెనక్కిచ్చే సంగతి నన్నడగండి. మా దగ్గర ఒక పబ్‌లో ఇచ్చాను. బార్ వెనక కుర్రాడు గ్లాసు వంక చూసి, నా వంక చూసి, "రియల్ ఏల్ ఇలాగే ఉంటుందండీ, మీకు అలవాటు లేదేమో" అన్నాడు (కాస్క్ బీరునే అలా అంటారు). నా మొహం చూసి ఆ మాటన్నాడని నాకు అర్థమైంది. గ్లాసులో ఉన్నది వెనిగర్. అంతలో పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన నా గ్లాసు అడిగి తీసుకుని వాసన చూసి, "కుర్రాడా, ఇది ఆదివారమే చచ్చిపోయింది, మార్చు" అన్నాడు. మార్చాడు. ఆ రోజు బుధవారం. నేను బిట్టర్ మానేసింది ఆరోజే. రుచి ఒక్కటే కారణం కాదు.

డాక్టరమ్మ (హోవ్), శనివారం రాత్రి 8:58

చారుపొడి గారూ, ఇది ముందే చెప్పుంటే మీ మొదటి పోస్టుకి నేను అంత గట్టిగా నవ్వేదాన్ని కాదు. ఆడవాళ్లకీ ఇదే జరుగుతుంది. నేను బెస్ట్ అడిగితే "హాఫ్ పైంటేనా?" అని వాళ్లే నిర్ణయించేస్తారు.

పాతకాపు (లూయిస్), శనివారం రాత్రి 9:15

అది తప్పే, చారుపొడి గారూ. నాకూ మొదట్లో అయింది. నేను వచ్చిన కొత్తలో ఈ ఊరి పబ్బుల్లో మన రంగువాళ్లు వేళ్ల మీద లెక్క. నాకు చోటిచ్చింది ఈ బీరే అంటే అతిశయోక్తి అనుకోకండి. వరసగా నాలుగు శుక్రవారాలు ఒకే స్టూల్ మీద కూర్చుని అదే అడిగాను. ఐదో వారం నేను అడక్కుండానే పోశారు.

లూయిస్ ఆర్మ్స్ గొడవ మీలో ఎంతమందికి తెలుసు? 2006 డిసెంబర్‌లో ఆ పబ్ యజమాని గ్రీన్ కింగ్ అనే పెద్ద కంపెనీ. మా బీరు మేం అమ్ముకుంటామని చెప్పి బార్‌లోంచి హార్వీస్ బెస్ట్ తీసేశారు. హార్వీస్ బ్రూవరీ అదే ఊళ్లో, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఊరివాళ్లు ఆ పబ్‌లో అడుగుపెట్టడం మానేశారు. ఊరికే మానలేదు, చలిలో బయట నిలబడి లోపలికి వెళ్లేవాళ్లకి సంగతి చెప్పేవాళ్లు. 133 రోజులు. ఇంగ్లండ్ పేపర్లన్నీ రాశాయి. 2007 ఏప్రిల్‌లో కంపెనీ దిగొచ్చి హార్వీస్ తిరిగి పెట్టింది.

ఈతవనం (జనగామ), ఆదివారం ఉదయం 7:30

133 రోజులు! ఒక బీరు కోసం! మా దగ్గర అయితే రెండో రోజే పక్క దుకాణంకి పోతారు.

పాతకాపు (లూయిస్), ఆదివారం ఉదయం 10:05

వాళ్లూ పక్క పబ్‌కే పోయారన్నా. అక్కడ హార్వీస్ ఉందిగా.

యార్క్‌షైర్ యాదన్న (లీడ్స్), ఆదివారం ఉదయం 11:15

సరే, నేను కూడా ఒక నిజం ఒప్పుకుంటాను. పోయిన ఏడాది లండన్ పనిమీద వెళ్లి బరో దగ్గర టాబార్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్‌కి వెళ్లాను. హార్వీస్ వాళ్ల పబ్ అది. నురగ లేకుండానే ఇచ్చారు. మొదటి పైంట్ తిట్టుకుంటూ తాగాను. రెండోదానికి ఏమీ అనలేదు. మూడోది ఎప్పుడు అయిపోయిందో తెలియదు. అయినా స్పార్క్లర్ ఉంటే ఇంకా బాగుండేది.

కొత్తబిచ్చగాడు (బ్రైటన్), తర్వాతి శనివారం రాత్రి 11:20

రిపోర్ట్. పాతకాపు అంకుల్ చెప్పినట్టే చేశాను. ఇవాళ మధ్యాహ్నం లూయిస్ వెళ్లాను, బ్రైటన్ నుంచి రైల్లో పావుగంట. వంతెన దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఏదో ఉడుకుతున్న వాసన. మా ఊళ్లో బెల్లం గానుగ దగ్గర వచ్చే వాసనకి కొంచెం దగ్గర. బ్రూవరీ ఉజ్ నది ఒడ్డునే ఉంది.

జాన్ హార్వీ టావెర్న్ అనే పబ్‌లో కూర్చున్నాను. మొదట సగం పైంటే తీసుకున్నాను, జాగ్రత్తకి. ఈసారి చల్లదనం కోసం చూడకుండా తాగాను. మొదట బిస్కెట్‌లాంటి తీపి, మధ్యలో ఏదో ఎండిన పండు, చివర్లో చేదు. అదే చేదు. కానీ కషాయంలా అనిపించలేదు, కాకరకాయ వేపుడు తిన్నాక మంచినీళ్లు తాగితే నోట్లో మిగిలేదానిలా ఉంది. తర్వాత ఇంకో పైంట్ తాగాను. ఊరి ముసలాయన ఒకడు పక్కన కూర్చుని 2000 అక్టోబర్‌లో వరద బ్రూవరీలోకి ఎలా వచ్చిందో గంటసేపు చెప్పాడు. సగం మాటలు అర్థం కాలేదు, ఆయన యాస అలాంటిది.

నచ్చిందా అంటే, చలికాలం సాయంత్రం ఎవరైనా తోడుంటే తాగుతాను. ఎండాకాలం మాత్రం నాకు ఫ్రిజ్‌లోది కావాలి, ఏమీ అనుకోకండి.

పాతకాపు (లూయిస్), ఆదివారం ఉదయం 9:00

ఊళ్లోకి వచ్చి నాకు చెప్పకుండా వెళ్లావా! మా ఇల్లు ఆ టావెర్న్‌కి ఐదు నిమిషాలు.

కొత్తబిచ్చగాడు (బ్రైటన్), ఆదివారం ఉదయం 9:12

మొహమాటపడ్డాను అంకుల్.

పాతకాపు (లూయిస్), ఆదివారం ఉదయం 9:14

వచ్చే శుక్రవారం ఆరింటికి. మొదటి రౌండ్ నాది. చారుపొడి గారూ, రెడింగ్ నుంచి మీరూ రండి, గ్లాసు వాసన ముందు నేనే చూసి ఇస్తాను.

చారుపొడి (రెడింగ్), ఆదివారం ఉదయం 10:40

రైలు టైములు చూస్తున్నాను. నా గ్లాసు నేనే వాసన చూసుకుంటాను.

శాకాహారి_87 (లెస్టర్), ఆదివారం ఉదయం 10:55

అక్కడ గిన్నిస్ ఉంటుందా?